అప్పీల్ లేనిదే ఔట్ లేదు: క్రికెట్ మర్యాద, అంపైర్ తీర్పు, వాడ ప్రశ్న

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు అయిపోయి బస్తాలు నిజామాబాద్ యార్డుకు దారిపట్టే రోజుల్లోనే టెన్నిస్ బంతి టోర్నమెంట్లు మొదలవుతాయి. చెరువు శిఖంలోనో బడి గ్రౌండులోనో సున్నంతో గీతలు గీసి, మైకు పెట్టి, ఎంట్రీ ఫీజు కట్టించుకొని ఆడిస్తారు. కొన్నేళ్ళ కింద అలాంటి ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ చూడటానికి మేము వెళ్ళాము. ఒక దిక్కు ఊరి జట్టు, ఇంకో దిక్కు వాడ జట్టు. వాడ జట్టుకు చివరి ఓవర్లో ఐదు పరుగులు కావాలె. రెండో పరుగుకు ఉరికిన పిల్లవాడు కీపర్ దిక్కు గీత దాటినంకనే వికెట్లు పడ్డాయని మా పక్కన నిలబడ్డవాళ్ళు అన్నారు. బౌలర్ దిక్కు నిలబడ్డ అంపైర్ మాత్రం వేలెత్తాడు. ఆయన టోర్నమెంటు కమిటీ మనిషి, ఊరి జట్టు కెప్టెన్‌కు చుట్టం.

"అన్నా, నువ్వు గాడ నిలబడితివి. నీకెట్ల కనబడ్డది? లెగ్ అంపైర్‌ను అడుగు" అన్నాడు వాడ జట్టు కెప్టెన్. లెగ్ అంపైర్‌గా నిలబడ్డది వాడ పిల్లవాడే. ఆ పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు. మైకులోంచి మాట వచ్చింది: "తమ్మీ, ఆటను ఆటలెక్క స్పోర్టివ్‌గ తీస్కోవాలె. అంపైర్ మాటే ఫైనల్." వాడ జట్టు ఓడిపోయింది. మరుసటి ఏడు ఆ పిల్లలు ఎంట్రీ ఫీజు పట్టుకొని పోతే, "మీరు లొల్లి పెడ్తరు, వద్దుపో" అని తిప్పి పంపారు.

ఒక్క రనౌట్ గురించి ఇంత పెద్ద వ్యాసం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. గెలుపోటముల గురించి మాకు పట్టింపు లేదు. ఆ పిల్లవాడు నిజంగా ఔటే కావచ్చు కూడా. మమ్మల్ని ఆలోచింపజేసింది ఆ 'స్పోర్టివ్' అన్న మాట. నియమం ప్రకారం అడగాల్సిన ప్రశ్నను అడిగినవాడు లొల్లిగాడయ్యాడు. నియమం తప్పినవాడు ఆట మర్యాద నేర్పే పెద్దమనిషి అయ్యాడు. మేము పసుపు కూలీల ఇండ్లల్లోంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం. ఇలాంటి మాటలు మాకు ఆటలోనే కాదు, హాస్టల్లో, సెమినార్ హాల్లో, ఇంటర్వ్యూ గదిలో కూడా వినబడ్డాయి. అందుకే క్రికెట్‌లో అంపైర్ తీర్పు అంటే ఏమిటి, దాన్ని గౌరవించడమంటే ఏమిటి అన్నది కొంచెం వివరంగా పరిశీలించదలచుకున్నాము.

నియమం ఏం చెబుతున్నది

క్రికెట్ నియమాలను లండన్‌లోని మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ రాస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 42 నియమాలు. వాటిలో 31వ నియమం అప్పీల్ గురించినది. అది చెప్పే నాలుగు సంగతులను మనం గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది: ఫీల్డింగ్ జట్టు అడగనిదే అంపైర్ ఎవరినీ ఔట్ ఇవ్వకూడదు. బ్యాట్స్‌మన్ తనంతట తాను వెళ్ళిపోతే వేరే మాట. మన పిల్లలు 'ఔజాట్' అని అరిచేది ఇంగ్లీషులో ఒక ప్రశ్నే, 'ఇదెట్లా?' అని అడగటమే. అంటే ఆట మొత్తం ఒక ప్రశ్న మీద నిలబడి ఉన్నది. ప్రశ్న లేకపోతే తీర్పే లేదు.

రెండోది: ఏ ప్రశ్నకు ఏ అంపైర్ జవాబు చెప్పాలో కూడా నియమం విడదీసింది. స్టంపింగ్, హిట్ వికెట్, కీపర్ దిక్కు జరిగిన రనౌట్, ఈ మూడూ లెగ్ అంపైర్‌వి. మిగతావన్నీ బౌలర్ దిక్కు అంపైర్‌వి. కనుక మేము చూసిన మ్యాచ్‌లో తీర్పు చెప్పాల్సింది కమిటీ మనిషి కాదు, ఎవరూ అడగని ఆ వాడ పిల్లవాడు. గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ జట్టువాడే లెగ్ అంపైర్‌గా నిలబడటం అందరికీ తెలిసిన అలవాటు. ఆ పిల్లవాడు తనవాడి దిక్కే చెప్పి ఉండేవాడేమో. కానీ కమిటీ మనిషికి చుట్టరికం ఉన్నా నమ్మకం అడగకుండానే దొరికింది. పిల్లవాడి మీద అనుమానం కూడా అడగకుండానే వచ్చింది. తేడా ఇక్కడున్నది.

మూడోది: తర్వాతి బంతికి బౌలర్ పరుగు మొదలుపెట్టేలోపు అప్పీల్ చేయాలి. దాటితే హక్కు పోతుంది. 'ఇప్పుడు కాదు, మ్యాచ్ అయినంక మాట్లాడుకుందాం' అనే మాటకు ఆటలో అర్థం 'ఎప్పుడూ మాట్లాడవద్దు' అనే.

నాలుగోది: అప్పీల్‌ను వెనక్కి తీసుకునే వీలు ఫీల్డింగ్ కెప్టెన్‌కు ఉన్నది. దానికి అంపైర్ ఒప్పుకోవాలి, బ్యాట్స్‌మన్ మైదానం దాటి ఉండకూడదు. దయ చూపటానికి కూడా ఒక పద్ధతి ఉన్నదన్న మాట.

అంపైర్‌ను తిట్టటం, మీద పడటం, ఆటను ఆపేయటం తప్పని నియమాలే అంటాయి, మేమూ అంటాము. కానీ అడగటం తప్పని ఏ నియమమూ అనలేదు. అడగటాన్నీ తిట్టటాన్నీ ఒకే గాటన కట్టి 'లొల్లి' అనే పేరు పెట్టటం నియమాల పుస్తకంలోంచి రాలేదు. అది ఊరి లెక్కలోంచి వచ్చింది.

మర్యాద ఎవరి సొత్తు

క్రికెట్‌ను పెద్దమనుషుల ఆట అంటారు. ఈ మాట ఇంగ్లండులో వట్టి పొగడ్తగా పుట్టింది కాదు. అక్కడ 1806 నుంచి 1962 దాకా 'జెంటిల్మెన్' జట్టుకూ 'ప్లేయర్స్' జట్టుకూ మ్యాచ్‌లు జరిగేవి. జెంటిల్మెన్ అంటే కూలి తీసుకోకుండా ఆడే ఆస్తిపరులు. ప్లేయర్స్ అంటే ఆడి కూలి తీసుకునే పనివాళ్ళు. ఇద్దరికీ వేరు వేరు గదులు, వేరు వేరు గేట్లు. కష్టపడి బౌలింగ్ వేసే పని ఎక్కువగా కూలి ఆటగాళ్ళది, కెప్టెన్సీ దొరలది. అంటే 'ఆట స్ఫూర్తి' అని ఇప్పుడు మనం చెప్పుకునే విలువ పుట్టిన ఇంట్లోనే రెండు గేట్లు ఉన్నాయి.

ఆ ఆట మన దేశానికి వచ్చినప్పుడు ఆ గేట్ల మీద కులం ఇంకో తాళం వేసింది. పల్వంకర్ బాలూ జీవితం దీనికి సాక్ష్యం. 1876లో ధార్వాడ్‌లో చమార్ కుటుంబంలో పుట్టిన బాలూ పూనాలో తెల్లవాళ్ళ జింఖానాలో పిచ్ చదును చేసే, నెట్లు కట్టే పనిలో చేరాడు. అక్కడి తెల్ల ఆటగాళ్ళకు గంటల తరబడి బంతులు వేసి వేసి ఎడమచేతి స్పిన్ బౌలర్ అయ్యాడు. బంతి వేసే పని దొరికింది గానీ బ్యాట్ పట్టే అవకాశం అక్కడ రాలేదు. పూనాలోని హిందువుల క్లబ్ ఆయనను జట్టులోకి తీసుకున్నది, తీసుకోకుంటే గెలవలేదు గనుక. మైదానంలో అందరూ ముట్టుకున్న బంతినే ఆయనా ముట్టుకున్నాడు. కానీ టీ వేళకు ఆయనకు పెవిలియన్ బయట, పారేసే మట్టి ముంతలో పోశారు. తిండి వేరే దగ్గర పెట్టారు.

1911లో పటియాలా మహారాజు కెప్టెన్‌గా ఇంగ్లండు పోయిన జట్టులో బాలూ నూరుకు పైగా వికెట్లు తీశాడు. ఆ జట్టులో అందరికంటే బాగా ఆడినవాడు ఆయనే. అయినా బొంబాయిలో ఏటా జరిగే మతాలవారీ టోర్నమెంటులో హిందూ జట్టుకు ఆయనను కెప్టెన్ చేయలేదు. ఇది అంపైర్ వేలెత్తి చెప్పే తీర్పు కాదు. సెలెక్షన్ గదిలో తలుపులు మూసుకొని చెప్పే తీర్పు. దానికి 31వ నియమం లేదు.

బాలూ తమ్ముళ్ళు విఠల్, శివరాం కూడా గొప్ప ఆటగాళ్ళే. 1920లో కెప్టెన్సీ విషయంలో తమ కుటుంబానికి మళ్ళీ అన్యాయం జరిగిందని వాళ్ళిద్దరూ జట్టులోంచి తప్పుకున్నారు. కారణాన్ని దాచుకోలేదు, బహిరంగంగా కులం పేరు పెట్టి చెప్పారు. ఆ గొడవ తర్వాతనే బాలూకు వైస్ కెప్టెన్ పదవి దక్కింది. 1923లో విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయి యూరోపియన్ల మీద గెలిచాడు. అన్నదమ్ముల ఈ పనిని ఆనాటి మర్యాదస్తులు 'స్పోర్టివ్' అని ఒప్పుకొని ఉండరు. మా దృష్టిలో అది అప్పీల్. సరైన సమయంలో, సరైన మాటలతో, తర్వాతి బంతి పడకముందే చేసిన అప్పీల్.

బాలూను మేము విగ్రహం చేసి నిలబెట్టటం లేదు. ఆయన 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్ మీదనే పోటీ చేసి ఓడిపోయాడు. ఆ రాజకీయాలతో మనకు పేచీ ఉండవచ్చు. కానీ ఆయన జీవితంలో మైదానం లోపలి సమానత్వం, బౌండరీ బయటి మట్టి ముంత పక్కపక్కనే కనబడతాయి. ఆట మర్యాద గురించి మాట్లాడే ప్రతివారూ ఆ రెంటినీ కలిపి చూడాలి. కరేబియన్ దీవుల్లోనూ ఇదే జరిగింది. వెస్టిండీస్ జట్టులో వికెట్లు తీసే, పరుగులు చేసే నల్లవాళ్ళు ఎందరున్నా, పూర్తి సిరీస్‌కు ఒక నల్ల ఆటగాడు, ఫ్రాంక్ వొరెల్, కెప్టెన్ కావటానికి 1960 దాకా పట్టింది. దానికోసం పత్రికలో ఉద్యమం నడిపిన సి.ఎల్.ఆర్. జేమ్స్, అంపైర్ మాటకు ఎదురు చెప్పవద్దని బడిలో నేర్చుకొని పెరిగిన మనిషే. అంపైర్‌ను గౌరవించటం, సెలెక్టర్‌ను నిలదీయటం ఒకే మనిషిలో ఇమిడి ఉంటాయనటానికి ఆయనే ఉదాహరణ.

మూడు సంఘటనలు, మూడు పాఠాలు

స్పోర్ట్స్‌మన్‌షిప్ గురించి మన పత్రికలు తరచు చెప్పే కథ గుండప్ప విశ్వనాథ్‌ది. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండు 58 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకొని ఉన్నది. కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడని బాబ్ టేలర్‌ను అంపైర్ ఔట్ ఇచ్చాడు. బంతి బ్యాటుకు తగల్లేదని నమ్మిన కెప్టెన్ విశ్వనాథ్ అప్పీల్ వెనక్కి తీసుకొని టేలర్‌ను పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. ఇంగ్లండు 10 వికెట్లతో గెలిచింది. ఇది మంచి పనే, మేము కాదనము. అయితే ఒక సంగతి గమనించాలి. విశ్వనాథ్ ఉదారంగా ఉండగలిగింది ఆయన చేతిలో అప్పీల్ ఉండటం వల్లనే. చేతిలో ఉన్నవాడే ఇవ్వగలడు. అడిగే హక్కే లేని జట్టును 'విశ్వనాథ్‌లెక్క ఉండండి' అనటం, భూమి లేనివాణ్ణి భూదానం చేయమన్నట్టు ఉంటుంది.

రెండో సంఘటన 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో జరిగింది. చివరి బంతికి సిక్స్ కొడితే న్యూజిలాండ్ మ్యాచ్‌ను టై చేసుకుంటుంది. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌తో బంతిని చేయి కిందినుంచి నేల మీద దొర్లించి వేయించాడు. అప్పటి నియమానికి అది విరుద్ధం కాదు. అంపైర్ చేయగలిగింది ఏమీ లేదు. ప్రపంచమంతా ఛీ అన్నది, తర్వాత నియమమే మారింది. కాగితం మీది నియమం సరిగా ఉన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని, నియమాన్ని కూడా ప్రశ్నించి మార్చుకోవచ్చునని ఇది చెబుతున్నది.

మూడోది అదే నెలలో, అదే మైదానంలో. భారత్, ఆస్ట్రేలియా టెస్టులో 70 పరుగుల మీద ఉన్న సునీల్ గవాస్కర్‌ను లిల్లీ బౌలింగ్‌లో ఎల్‌బీడబ్ల్యూగా ఇచ్చాడు అంపైర్ రెక్స్ వైట్‌హెడ్. బంతి బ్యాటుకు తగిలిందని గవాస్కర్ వాదన. ఆయన కోపంతో రెండో బ్యాట్స్‌మన్ చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకొని బయటికి నడిచాడు. బౌండరీ దగ్గర మేనేజర్ ఆపి చౌహాన్‌ను వెనక్కి పంపకపోతే మ్యాచ్ పోయేది. చివరికి భారత్ 59 పరుగులతో గెలిచింది. ఆ పనికి గవాస్కరే తర్వాత విచారపడ్డాడు.

ఈ మూడో సంఘటనను వాడ జట్టు కెప్టెన్ పనితో పక్కపక్కన పెట్టి చూడండి. వాడ పిల్లవాడు మైదానం వదలలేదు, ఎవరినీ తిట్టలేదు, 'లెగ్ అంపైర్‌ను అడుగు' అన్నాడు. దేశపు పెద్ద ఆటగాడి వాకౌట్‌ను ఆవేశం అని అర్థం చేసుకునే సమాజం, వాడ పిల్లవాడి ప్రశ్నను లొల్లి అని ఏడాదిపాటు బయట పెట్టింది.

ఇక్కడ అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం గుర్తుకు వస్తున్నది. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు మిగతా మార్గాలను వదులుకోవాలని ఆయన చెప్పాడు. ఆ మాటను మనకు బుద్ధి చెప్పటానికి వాడుకునేవాళ్ళు 'తెరిచి ఉన్నప్పుడు' అన్న షరతును మింగేస్తారు. అప్పీల్ తెరిచి ఉంటే వాకౌట్ తప్పు. అప్పీల్‌ను మూసి పెట్టి వాకౌట్‌ను తప్పుపట్టడం ఇంకా పెద్ద తప్పు.

క్రికెట్ తనను తాను నమ్మలేదు

'అంపైర్ మాటే ఫైనల్' అనేది ఆది నుంచి ఉన్న ధర్మమని, దాన్ని ప్రశ్నిస్తే ఆట కూలిపోతుందని చెప్పేవాళ్ళు గత నలభై ఏళ్ళ క్రికెట్ చరిత్రను చూడాలి. ఆ ఆటే తన అంపైర్లను ఒట్టి మాట మీద నమ్మటం మానుకున్నది.

మొదట్లో ఏ దేశంలో ఆట జరిగితే ఆ దేశపు అంపైర్లే ఉండేవాళ్ళు. గెలిచినా ఓడినా సొంత అంపైర్ల పేరు చెప్పి నింద రావటం పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్‌కు నచ్చలేదు. 1986 నవంబర్‌లో లాహోర్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకు ఇద్దరు భారతీయ అంపైర్లను పిలిపించారు. ఒకరు పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. 1912 తర్వాత టెస్టు క్రికెట్‌లో తటస్థ అంపైర్లు నిలబడటం అదే. పాకిస్తాన్ మైదానంలో భారతీయుల వేలును రెండు జట్లూ ఒప్పుకున్నాయి. ఆ ఇద్దరూ దేవుళ్ళని కాదు, ఆ రెండు జట్లలో ఎవరికీ చుట్టాలు కాదు గనుక.

మరుసటి ఏడాది, 1987 డిసెంబర్‌లో ఫైసలాబాద్‌లో ఇంగ్లండు కెప్టెన్ మైక్ గాటింగ్, పాకిస్తానీ అంపైర్ షకూర్ రాణా మైదానంలోనే వేళ్ళు చూపించుకొని తిట్టుకున్నారు. ఒక రోజు ఆట పోయింది. ఆ కాలంలో ఇంగ్లీషు అంపైర్ తప్పు చేస్తే పొరపాటు, ఆసియా అంపైర్ తప్పు చేస్తే మోసం అనే భావం ఇంగ్లీషు పత్రికల్లో బాగా ఉండేది. నమ్మకం కూడా రంగును బట్టి పంచబడుతుందన్న మాట. ఊళ్ళో కులాన్ని బట్టి పంచబడినట్టే.

1992 నవంబర్‌లో డర్బన్‌లో మొదటిసారి టీవీ చూసి తీర్పు చెప్పే మూడో అంపైర్ వచ్చాడు. ఆ పద్ధతిలో రనౌట్ అయిన మొదటి ఆటగాడు సచిన్ టెండూల్కర్. ఆ మ్యాచ్‌కు మన దృష్టిలో ఇంకో ప్రాముఖ్యం ఉన్నది. వర్ణ వివక్ష కారణంగా 1970 నుంచి ప్రపంచ క్రికెట్ వెలివేసిన దక్షిణాఫ్రికా, మళ్ళీ సొంత గడ్డ మీద ఆడిన మొదటి టెస్టు అది. తెల్లవాళ్ళ జట్టుతో ఆడబోమని ప్రపంచం అన్నప్పుడు కూడా 'ఆటలోకి రాజకీయాలు తేవద్దు, స్పోర్టివ్‌గా ఉండండి' అనే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. ఆ మాట విని ఊరుకొని ఉంటే ఆ దేశపు నల్లవాళ్ళ అప్పీల్‌ను ఎవరూ వినేవారు కాదు.

1994 నుంచి ప్రతి టెస్టులో ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే ఉండాలని అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమం చేసింది. 2008 జూలైలో భారత్, శ్రీలంక సిరీస్‌లో తీర్పును తిరిగి పరిశీలించమని ఆటగాడే అడిగే పద్ధతిని పరీక్షించారు. మనం ఇప్పుడు డీఆర్‌ఎస్ అంటున్నది అదే. ఇప్పుడు ఏ కెప్టెన్ అయినా రెండు చేతులు అడ్డంగా పెట్టి చూపితే అంపైర్ తన తీర్పును తెర మీద అందరి ముందూ పరీక్షకు పెడతాడు. తప్పని తేలితే తన మాట వెనక్కి తీసుకుంటాడు. దానివల్ల అంపైర్ గౌరవం తగ్గలేదు. మాట మార్చుకోగలిగినవాడి మీదనే నమ్మకం పెరిగింది.

ఇందులోనూ రెండు మెలికలున్నాయి. ఒకటి 'అంపైర్స్ కాల్'. ఎల్‌బీడబ్ల్యూలో బంతి వికెట్‌కు అంచున మాత్రమే తగిలేట్టు తెర మీద కనబడితే, అంపైర్ మొదట ఏది చెప్పాడో అదే నిలుస్తుంది. అనుమానం ఉన్నచోట మొదటి మాట చెప్పినవాడిదే పైచేయి. కనుక మొదటి మాట చెప్పే కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది యంత్రాలు వచ్చినా పోని ప్రశ్న. రెండోది, ఈ పద్ధతిని ద్వైపాక్షిక సిరీస్‌లలో ఎక్కువ కాలం వద్దన్నది అందరికంటే డబ్బున్న మన భారత క్రికెట్ బోర్డే. 2016లో గాని ఒప్పుకోలేదు. అదే బోర్డు 2008 జనవరిలో సిడ్నీ టెస్టు తీర్పుల మీద గట్టిగా నిరసన చెబితే, తర్వాతి టెస్టు నుంచి అంపైర్ స్టీవ్ బక్నర్‌నే తప్పించారు. బలమున్నవాడికి రివ్యూ అక్కరలేదు, అంపైర్‌నే మార్పించుకోగలడు. రివ్యూ కావలసింది బలం లేనివాడికి.

కాంటా, కడ్తా, కమిటీ

ఆర్మూర్ రైతుకైనా కూలీకైనా ఈ సంగతి కొత్తది కాదు. యార్డులో పసుపు కాడి, గోల వేరుచేసి కుప్పపోసి అమ్మినంక తూకం వేసేది దడువాయి. ఆ మనిషి ఒక రకంగా అంపైరే. రైతుకూ ఖరీదుదారుకూ మధ్య నిలబడి ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పాలి. కడ్తా పేరుతో బస్తాకు ఇంత కోసినప్పుడు 'ఎందుకు కోస్తున్నవ్' అని అడిగిన రైతును ఎవరూ మర్యాద లేనివాడని అనరు, అనకూడదు. అడిగి అడిగి, కొట్లాడి కొట్లాడి ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు మొదలైన ఈ-నామ్‌లో నిజామాబాద్ యార్డు మొదటి విడతలోనే చేరింది. దానితో అన్నీ బాగుపడ్డాయని మేము అనటం లేదు. తూకం మీద నమ్మకం మనిషి మంచితనం వల్ల రాదు, అందరికీ కనబడే అంకె వల్ల వస్తుందని మాత్రం అంటున్నాము.

యార్డులో ఈ మాట ఒప్పుకునే ఊరి పెద్దలే ఊళ్ళో ఒప్పుకోరు. మా జిల్లాలో చాలా ఊళ్ళల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. గుడి కట్టించటం, బడికి గోడ పెట్టించటం లాంటి పనులతో పాటు తీర్పులు చెప్పటం, జరిమానాలు వేయటం, మాట వినని కులాలను బహిష్కరించటం కూడా కొన్ని కమిటీలు చేస్తున్నాయని ఎన్నోసార్లు పోలీసు కేసులు అయ్యాయి, పత్రికల్లో వచ్చింది. నియమం రాసేవాళ్ళు, తీర్పు చెప్పేవాళ్ళు, జరిమానా వసూలు చేసేవాళ్ళు ఒకరే అయినచోట అప్పీల్ ఎవరికి చేసుకోవాలి? ఆ ఊళ్ళల్లో టోర్నమెంటు మైకులో వినబడే 'ఫైనల్' అన్న మాట మైదానంలో పుట్టింది కాదు. అది అక్కడినుంచే వచ్చింది.

చిన్నప్పుడు మేము ఆడిన ఆటలోనూ దాని నీడ ఉన్నది. పసుపు ఆరబెట్టిన కల్లంలో బంతి పడితే ఔట్ అని మాకొక నియమం ఉండేది. కొమ్ములు తొక్కితే ఆసామి తిడతాడని మేమే పెట్టుకున్న నియమం అది, న్యాయమైనదే. కానీ ఊరి పెద్ద ఇంటి ఆవరణలో బంతి పడితే ఏం చేయాలన్నదానికి నియమం లేదు. ఊరి పిల్లలు గేటు తీసుకొని పోయి తెచ్చుకునేవాళ్ళు. మేము గోడ బయట నిలబడి, లోపలివాళ్ళు ఎవరన్నా విసిరేదాకా చూసేవాళ్ళం. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళకు ఒక వార్త గుర్తు చేయాలి. 2023 జూన్‌లో గుజరాత్‌లోని పాటన్ జిల్లా కాకోషి గ్రామంలో, బడి మైదానంలో క్రికెట్ చూస్తున్న దళిత పిల్లవాడు బంతి తీసుకున్నాడన్న గొడవ పెరిగి, చివరికి ఆ పిల్లవాడి బంధువు బొటనవేలు తెగిపోయింది. పోలీసు కేసు అయింది. ఏకలవ్యుడి కథ తెలిసిన మనకు ఆ వేలు గురించి వేరే చెప్పనక్కరలేదు.

మనం చేయగలిగినవి

ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు, యువజన సంఘాల మిత్రులకు కొన్ని ఆచరణ సూచనలు చేస్తున్నాము. ఇవి ఖర్చు లేనివి.

టోర్నమెంటు మొదలుకాకముందే నియమాలు తెలుగులో రాసి గోడకు అంటించాలి. కల్లంలో పడితే ఏమిటి, ఇంట్లో పడితే ఏమిటి, అన్నీ అందులో ఉండాలి. రెండు జట్ల మ్యాచ్‌కు మూడో జట్టువాళ్ళు అంపైర్లుగా నిలబడాలి. లాహోర్‌లో రామస్వామి చేసింది చెరువు శిఖంలో మన పిల్లలూ చేయగలరు. ఏ దిక్కు రనౌట్‌ను ఏ అంపైర్ చెప్పాలో ముందే చదివి వినిపించాలి. ప్రతి జట్టుకు ఇన్నింగ్స్‌లో ఒక్కసారి 'మళ్ళీ అడిగే' హక్కు ఇవ్వాలి. కెమెరా అక్కరలేదు. ఇద్దరు అంపైర్లు, స్కోరర్ కలిసి ఒక నిమిషం మాట్లాడుకొని చెబితే చాలు. అడిగిన జట్టును తర్వాతి ఏడు రానివ్వకుండా చేయటం ఉండదని కమిటీ ముందే ప్రకటించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, అంపైరింగ్‌ను వంతులవారీగా అందరికీ ఇవ్వాలి. బడుల్లో వాడ పిల్లలు, ఆడపిల్లలు అంపైర్లుగా నిలబడాలి. బంతి వేసే పని బాలూకు తెల్లవాళ్ళ దగ్గర కూడా దొరికింది. దొరకనిది తీర్పు చెప్పే స్థానం. ఊరి పిల్లవాడు వాడ పిల్ల ఎత్తిన వేలును చూసి తల వంచుకొని పెవిలియన్ దిక్కు నడవటం నేర్చుకుంటే, ఆనాడు స్పోర్ట్స్‌మన్‌షిప్ అన్న మాటకు మా ఊళ్ళో మొదటిసారి అర్థం వచ్చినట్టు.

వాడ పిల్లలకు కూడా మేము ఒక మాట చెప్పాలి. మన జట్టుకు లాభం వచ్చే తప్పు తీర్పు వచ్చినప్పుడు, మన లెగ్ అంపైర్ మన దిక్కే చెప్పినప్పుడు, ఏం చేస్తాం? ఆ రనౌట్ గురించి ఈ మధ్య ఆనాటి కెప్టెన్‌ను అడిగాము. ఇప్పుడు ఆయన యార్డులో హమాలీ. "అన్నా, మావోన్ని అడిగితే నాటౌట్ అనే అంటుండె, అది నాకు ఎర్కే" అని నవ్వి, కొంచెంసేపు ఆగి అన్నాడు: "గని అడగాలె గదా. అడిగినంక ఔటన్నా పోతుంటిమి."

మా వ్యాసం సారమంతా ఆ మాటలోనే ఉన్నది. ఓటమిని ఒప్పుకోవటానికి మనకు అభ్యంతరం లేదు. అడిగిన తర్వాత వచ్చిన ఓటమి కావాలి. ఇది చర్చకు మొదలు మాత్రమే. తమ ఊళ్ళ మైదానాల అనుభవాలను మిత్రులు రాయాలని కోరుతున్నాము.